కరెంటు పోతే కేజీ ఎక్కడ ఆగేది?

పదిహేను రోజుల కిందట మన సంఘం గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. చాంపియన్ రీఫ్స్ లైన్లలో పుట్టి పెరిగి, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటున్న మన పిల్లాడొకడు అడిగాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాడట. పికప్ బండికి తగిలించాడు. స్టీరింగ్ కింద బిగించిన ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మాత్రం వెలగడం లేదు. లైటు లేదు, అంకె లేదు, చప్పుడు లేదు. "శనివారం పిల్లల్ని తీసుకుని కొండల వైపు పోవాలి. బండి బ్రేకులు గట్టివే. ఇలాగే లాక్కుపోతే ఏమవుతుంది మామా?" అని రాశాడు.

జవాబులు చాలా వచ్చాయి. ఫ్యూజ్ చూడమన్నారు కొందరు, కొత్తది కొనమన్నారు ఇంకొందరు. సాయంత్రానికి మనలో ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆయన మైన్స్‌లో వైండింగ్ డ్రైవర్‌గా చేసి రిటైరైనవారు. ట్రైలర్ కంట్రోలర్ అనేదాన్ని జన్మలో చూసి ఉండరు. ఆయనన్నది ఇంతే: "నాయనా, కరెంటు ఎక్కడ పుట్టి నీదాకా వస్తోందో ఆ దారంతా ఒకసారి నడువు. కానీ అంతకన్నా ముందు ఇది చెప్పు. కరెంటు లేకపోతే నీ బ్రేకు పట్టుకుంటుందా, వదిలేస్తుందా?"

ఆ రెండు ప్రశ్నలూ ఆయన సొంతంగా కనిపెట్టినవి కావు. మన ఊరు నూరేళ్ళు బతికింది ఆ రెండు ప్రశ్నల మీదే. అందుకే ఈ వారం బంగారం గురించి కాకుండా బ్రేకు గురించి రాస్తున్నాం. కొంచెం పొడుగైనా చదవండి. పిల్లలకు కూడా చదివి వినిపించండి.

మొదట కరెంటు దారి.

కరెంటు రాకముందు మన మైన్స్ మొత్తం ఆవిరి మీద నడిచేవి. లావెల్ దొర 1873లో మైసూరు సర్కారును అనుమతి అడిగినది మొదలు, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్ళు పనిలోకి దిగి, మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గ గనులు లోతుకు పోయేకొద్దీ, బాయిలర్ల కడుపు నింపడమే పెద్ద పని అయింది. చుట్టుపక్కల అడవి కట్టెలైపోయి పొయ్యిలోకి పోయింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారుపేట నుంచి మారికుప్పం దాకా రైలు వచ్చాక బొగ్గు తేవడం తేలికైంది గానీ చౌక కాలేదు. రాయి పిండి చేసే స్టాంపు మిల్లులు, గాలి నొక్కే కంప్రెసర్లు, నీళ్ళు తోడే పంపులు, మనుషుల్ని దింపే ఇంజన్లు, అన్నిటికీ నిప్పు కావాలి.

అప్పుడు మైసూరు సర్కారు ఒక సాహసం చేసింది. దివాన్ కె. శేషాద్రి అయ్యర్ కాలంలో, కావేరి నది శివనసముద్రం దగ్గర దూకే చోట కరెంటు పుట్టించి, దాన్ని 92 మైళ్ళ దూరంలో ఉన్న మన గనులకు తేవాలన్న పథకం వేశారు. ఇంజనీరు పేరు జోలీ ద లాట్‌బినియర్. రాయల్ ఇంజనీర్స్‌కు చెందిన అధికారి, మైసూరు కొలువులో ఉండేవాడు. కరెంటు సామాను అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీది, నీటి చక్రాలు స్విట్జర్లాండ్‌లోని ఎషర్ విస్ వాళ్ళవి. 1902 జూన్ 30న ఆ కరెంటు మన ఊరు చేరింది. 30,000 వోల్టుల పైచిలుకు ఒత్తిడితో దాదాపు నూట యాభై కిలోమీటర్లు నడిచి వచ్చింది. అంత దూరం కరెంటును మోసిన లైన్లు అప్పటికి ప్రపంచంలోనే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905 ఆగస్టులో. అంటే మూడేళ్ళ తర్వాత. ఈ మాట బెంగళూరు వాళ్ళతో ఎప్పుడు చెప్పినా నమ్మరు. చెబుతూనే ఉండండి. శేషాద్రి అయ్యర్ మాత్రం ఆ వెలుగు చూడలేదు, 1901లోనే కన్నుమూశారు.

ఇప్పుడు ఆలోచించండి. బాయిలర్ మీ కళ్ళ ముందుంటుంది. నిప్పు తగ్గితే కనిపిస్తుంది, ఆవిరి తగ్గితే ముల్లు చెబుతుంది, పూర్తిగా ఆగేలోగా పది నిమిషాల గడువు ఇస్తుంది. కరెంటు అలా కాదు. కావేరి ఒడ్డున ఎవరో స్విచ్ తీసినా, మధ్యలో ఏ ఊరి పొలం గట్టు మీదో ఇన్సులేటర్ పగిలినా, మామిడి కాయలు రాలే కాలంలో ఉరుముల వానకు పిడుగు పడినా, చాంపియన్ రీఫ్స్‌లో ఒక్క క్షణంలో చీకటి. ముందస్తు కబురు ఉండదు. ఎక్కడ తెగిందో ఇక్కడ కూర్చుంటే తెలియదు. లైను పొడుగునా మనుషులు నడవాలి.

ఇంకో సంగతి. శివనసముద్రం కరెంటు 25 సైకిళ్ళది. ఇప్పుడు మన ఇళ్ళకు వచ్చేది 50. ఆ కరెంటు మీద నడవడానికి చేసిన మోటారును ఇంకో ఊరి కరెంటుకు ఊరికే తగిలిస్తే కుదరదు. కాబట్టి మన పెద్దల లెక్కలో 'సప్లై ఉందా' అనేది సగం ప్రశ్నే, 'ఈ యంత్రానికి కావలసిన సప్లైనా' అనేది మిగతా సగం. ఎండాకాలంలో కావేరిలో నీళ్ళు పలచబడితే కరెంటూ పలచబడేది. 1911లో విశ్వేశ్వరయ్య గారి హయాంలో కన్నంబాడి దగ్గర కృష్ణరాజసాగరం కట్ట మొదలుపెట్టడానికి పొలాలకు నీళ్ళెంత కారణమో, శివనసముద్రానికి ఏడాది పొడుగునా నీళ్ళందించి మన గనులకు కరెంటు తప్పకుండా చూడటం కూడా అంత కారణం. మండ్య రైతు పొలానికీ మన షాఫ్టుకూ ఆ చుట్టరికం ఉంది.

ఇక రెండో ప్రశ్న. ఊరంతా చీకటైన ఆ క్షణంలో షాఫ్టు మధ్యలో వేలాడుతున్న కేజీ సంగతి?

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాం. షాఫ్టు అంటే నిలువు బావి. దాని పైన ఉక్కు గోపురంలా నిలబడేది హెడ్‌గేర్, దాని మీద పెద్ద చక్రాలు. పక్కన వైండింగ్ ఇంజన్ ఇల్లు. ఇంట్లో ఒక డ్రమ్ము, ఇంటి గది అంత ఎత్తు. డ్రమ్ముకు ఉక్కు తాడు చుట్టి ఉంటుంది. తాడు గోపురం చక్రం మీదుగా బావిలోకి దిగుతుంది, దాని కొసకు కేజీ. సాధారణంగా రెండు కేజీలు, ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతుంది. మన గిఫర్డ్ షాఫ్టు ఒక్క దూకుడులో రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతు. అక్కడ దిగాక లోపల ఇంకో షాఫ్టు, దానికి ఇంకో వైండర్. అలా మారి మారి దిగితే చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటైంది. అంత అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. మనుషుల అలికిడే కాదు, ఆకాశం నుంచి వచ్చే కణాలు కూడా అక్కడికి దాదాపు చేరవు. అందుకే 1960లలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఈ గనిలోనే పరికరాలు పెట్టి, 1965లో న్యూట్రినోల జాడ పట్టారు. వాళ్ళూ, వాళ్ళ పెట్టెలూ దిగింది మన కేజీల్లోనే.

రెండు కిలోమీటర్ల ఉక్కు తాడు ఒక్కదాని బరువే టన్నుల్లో ఉంటుంది. దానికి కేజీ, అందులో మనుషులు. ఈ బరువంతా కిందికి లాగుతుంటే, దాన్ని అదుపులో పెట్టేది రెండే. ఒకటి మోటారు, రెండోది బ్రేకు. కరెంటు పోతే మోటారు చచ్చిపోతుంది. బ్రేకు కూడా కరెంటు మీదే పట్టేదైతే, ఇక చెప్పనక్కరలేదు.

అందుకే వైండర్ బ్రేకును తలకిందులుగా కట్టారు. డ్రమ్ముకు రెండు పక్కలా లైనింగ్ వేసిన పెద్ద బూట్లు. వాటిని డ్రమ్ముకేసి నొక్కేది కరెంటు కాదు, ఇనుప దిమ్మెల బరువు. పొడుగాటి కమ్మీ కొసన ఆ దిమ్మెలు వేలాడుతుంటాయి. అవి ఎప్పుడూ కిందికి పడాలనే చూస్తుంటాయి. పడితే బ్రేకు పట్టేస్తుంది. గాలి ఒత్తిడితోనో, ఆయిల్ ఒత్తిడితోనో వాటిని ఎత్తి పట్టుకుంటేనే బ్రేకు వదులుతుంది. ఆ ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వుకు కరెంటు కావాలి. కరెంటు పోయిందా, వాల్వు వదిలేస్తుంది, ఒత్తిడి బయటికి పోతుంది, దిమ్మెలు కూలతాయి, బూట్లు డ్రమ్మును పట్టేస్తాయి. డ్రైవరు అక్కడ లేకపోయినా, స్పృహ తప్పినా, నిద్రపోయినా అంతే. భూమి ఆకర్షణ ఏ సర్కారుకూ బిల్లు కట్టదు, ఏ పిడుగుకూ తెగదు.

అంటే మన వైండింగ్ ఇళ్ళలో కరెంటు చేసే పని బ్రేకు వేయడం కాదు, బ్రేకు తీయడం. ఈ ఒక్క వాక్యం అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. రెండు కిలోమీటర్ల తాడు ఉక్కుదే అయినా, అంత పొడుగు మీద రబ్బరులా సాగుతుంది. పైన డ్రమ్ము టక్కున ఆగితే కింద కేజీ ఆగదు, కిందికీ పైకీ ఊగుతుంది. లోపలివాళ్ళ మోకాళ్ళు, నడుములు ఆ దెబ్బ తింటాయి. అందుకని అత్యవసర బ్రేకును కూడా మెల్లగా, మెట్లు మెట్లుగా పట్టేలా చేయాలి. మరీ మెల్లగా అయితే కేజీ దూరం జారిపోతుంది, మరీ గట్టిగా అయితే మనుషులు దెబ్బతింటారు. ఆ మధ్య దారిని సెట్ చేయడమే బ్రేకు ఫిట్టర్ విద్య. బంగారం పేరు చెప్పినప్పుడు జనానికి గుర్తొచ్చేది రాయి తొలిచినవాడు. ఈ ఫిట్టర్ ఎవరికీ గుర్తుకు రాడు.

మైన్స్ నిబంధనల్లో ఒక పద్ధతి ఉండేది. మరమ్మతుకో, ఇంకెందుకో వైండింగ్ రెండు గంటలకు మించి ఆగిందంటే, మనుషుల్ని ఎక్కించే ముందు ఖాళీ కేజీ ఒకసారి కిందిదాకా పోయి రావాలి. అంతా బాగుంది అని ఎవరెంత చెప్పినా సరే. వైండింగ్ డ్రైవర్‌కు పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలి. ఆయన పక్కన నిలబడి కబుర్లు చెప్పకూడదు. ఆయన కళ్ళు లోతు చూపించే ముల్లు మీద, చెవి గంట మీద. కేజీ కదులుతున్నప్పుడు ఒక్క గంట కొడితే ఆపు. నిలబడి ఉన్నప్పుడు అదే ఒక్క గంట కొడితే పైకి. రెండు కొడితే కిందికి. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. మన ఊళ్ళో షాఫ్టు పైన తమిళం, పక్కన తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, బజార్లో కన్నడం. కుప్పం వైపు నుంచి వచ్చిన మన తాతలకూ, ఆర్కాటు వైపు నుంచి వచ్చినవాళ్ళకూ, కార్న్‌వాల్ నుంచి వచ్చిన దొరలకూ గంట మాత్రం ఒకటే భాష. ఐక్యత గురించి మా సంఘం సభల్లో విన్న ఉపన్యాసాలన్నిటికన్నా ఆ గంటే నయం అని మాలో కొందరి అభిప్రాయం.

ఈ తలకిందుల బ్రేకు మన గనుల్లోనే పుట్టిందని చెప్పడం లేదు. లోకం దీన్ని చాలా రక్తం పోసి నేర్చుకుంది. రైళ్ళ కథ చూడండి. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన మొదటి గాలి బ్రేకులో, గాలి పంపితేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకు లేదు. 1872లో ఆయనే దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది, గొట్టం తెగితే ప్రతి పెట్టె కిందా ఉన్న సొంత గాలి తొట్టి బ్రేకు వేసేస్తుంది. కానీ పాత రకం చౌక. చాలా కంపెనీలు పాతదే వాడుకున్నాయి. 1889 జూన్ 12న ఐర్లండ్‌లో ఆర్మా దగ్గర, సండే స్కూల్ పిల్లలతో విహారానికి పోతున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది రైలును రెండు ముక్కలు చేశారు. ఇంజన్‌తో సంబంధం తెగగానే వెనక పెట్టెలకు ఆ పాతరకం బ్రేకు పోయింది. ఒక చేతి బ్రేకు, చక్రాల కింద రాళ్ళు, అంతే మిగిలాయి. ముందు భాగం కదిలేటప్పుడు కాస్త వెనక్కు తగిలింది. రాళ్ళు నలిగాయి, పెట్టెలు వెనక్కు దొర్లాయి, వెనకాల వస్తున్న ఇంకో రైలును కొట్టాయి. దాదాపు 80 మంది చనిపోయారు, చాలామంది పిల్లలు. అదే ఏడాది బ్రిటన్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్ళన్నిటికీ తనంత తాను పట్టే బ్రేకు తప్పనిసరి చేసింది.

మన రోడ్ల మీద కూడా ఈ సంగతి రోజూ కనిపిస్తుంది. పొద్దున్నే లారీ స్టార్ట్ చేసి డ్రైవరు కాసేపు ఊరికే కూర్చుంటాడు కదా. గాలి ఎక్కాలి అంటాడు. గాలి బ్రేకు వేయడానికే కాదు, పార్కింగ్ బ్రేకును పట్టుకుని ఉన్న స్ప్రింగును వదిలించడానికి కూడా కావాలి. గాలి మొత్తం పోతే లారీ దొర్లదు, బిగుసుకుంటుంది. కానీ కోలారు మార్కెట్టుకు టొమాటో మోసే ట్రాక్టర్ ట్రైలర్ల కింద వంగి చూడండి. చాలావాటికి సొంత బ్రేకే కనిపించదు. మొత్తం భారం ముందున్న ట్రాక్టర్ మీదే. దిగుడులో వెనక నుంచి ట్రైలర్ తోస్తుంటే ఏమవుతుందో మన పల్లెలకు చెప్పనక్కరలేదు.

తలకిందుల బ్రేకు ఉంటే చాలా అంటే, అదీ చాలదు. దీనికి మన వైండింగ్ పెద్దలు మరిచిపోని కథ ఒకటుంది. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని మార్క్‌హామ్ బొగ్గు గని, 1973 జూలై 30, ఉదయం షిఫ్టు. కేజీలో 29 మంది. కిందికి దిగుతుండగా డ్రైవరు బ్రేకు వేశాడు. నిప్పురవ్వలు కనిపించాయి, చప్పుడు వినిపించింది, బ్రేకు పట్టలేదు. బ్రేకుకు బలాన్ని అందించే వ్యవస్థ మధ్యలో రెండంగుళాల మందం కడ్డీ ఒకటుంది. ఏళ్ళ తరబడి లోపల్లోపలే పగులు పెరిగి ఆ క్షణాన విరిగింది. బలం ఎంతున్నా అది బూట్ల దాకా పోయే దారి అదొక్కటే. డ్రైవరు అత్యవసర బటన్ నొక్కాడు. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ బటన్ మోటారుకు కరెంటు తీసేసింది. అప్పటిదాకా మోటారే జనరేటర్‌లా పనిచేస్తూ కేజీని కొంత ఆపుతోంది. అదీ పోయింది. కేజీ అడుగున కొట్టుకుంది. 18 మంది చనిపోయారు, మిగిలిన 11 మందికి తీవ్ర గాయాలు. తర్వాత ఆ దేశంలో గనుల వైండర్లలో, ఒక్కటి విరిగితే అంతా పోయే భాగాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి పరీక్షించారు.

ఇది ఎందుకు రాశామంటే, 'కరెంటు తీసేస్తే భద్రం' అనే మాట బ్రేకు నిజంగా పట్టినప్పుడే నిజం. పట్టకపోతే కరెంటు తీయడమే ఆఖరి దెబ్బ.

ఇప్పుడు మన టెక్సస్ పిల్లాడి ట్రైలర్ దగ్గరికి పోదాం. ఆ ట్రైలర్ చక్రాల్లో ఉన్నది విద్యుదయస్కాంతం. బండిలోని కంట్రోలర్ కరెంటు పంపితే అయస్కాంతం తిరిగే డ్రమ్ముకు అతుక్కుని, మీటను లాగి, బ్రేకు బూట్లను తెరుస్తుంది. కరెంటు లేదా, బ్రేకు లేదు. అంటే వెస్టింగ్‌హౌస్ 1872లో వదిలేసిన పద్ధతి, ఆర్మా రైలు పద్ధతి. మన వైండర్‌కు సరిగ్గా వ్యతిరేకం. పెద్దాయన ప్రశ్నకు జవాబు అది: వదిలేస్తుంది. వెలగని ఆ చిన్న డబ్బా వెనక టన్ను, రెండు టన్నుల బరువు బ్రేకు లేకుండా ఉంది.

ఈ లోపం అక్కడివాళ్ళకు తెలియక కాదు. అందుకే ట్రైలర్ మీద ఒక చిన్న బ్యాటరీ, దానికో స్విచ్, స్విచ్‌లో ఒక పిన్ను, పిన్నుకు తీగ కట్టి బండికి తగిలిస్తారు. కొక్కెం ఊడి ట్రైలర్ విడిపోతే తీగ పిన్నును లాగేస్తుంది, ఆ బ్యాటరీ బ్రేకులన్నీ వేసేస్తుంది. వెస్టింగ్‌హౌస్ ప్రతి పెట్టె కిందా పెట్టిన గాలి తొట్టి ఇదే. అక్కడ చాలా రాష్ట్రాల్లో బరువైన ట్రైలర్లకు, చాలాచోట్ల 3,000 పౌండ్లు దాటితే, సొంత బ్రేకులు ఉండాలని చట్టం. కానీ సెకండ్ హ్యాండ్ ట్రైలర్ మీద ఆ చిన్న బ్యాటరీని ఎవరు చూస్తారు? అది చచ్చి ఉంటే పిన్ను లాగినా ఏమీ జరగదు. ఇనుప దిమ్మె చచ్చిపోదు, బ్యాటరీ చచ్చిపోతుంది.

ఇక కరెంటు దారి నడవడం. మన సంఘంలో బండ్ల వైరింగ్ తెలిసిన ఇద్దరు ముగ్గురు ఫోన్‌లో కూర్చుని ఆ పిల్లాడితో చేయించింది ఇదే. అలాంటి బండ్లు వాడేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాం. ముందు ఆ కంట్రోలర్ పుస్తకం చూడాలి. కొన్ని కంట్రోలర్లు ట్రైలర్ తగిలిస్తేనో, పెడల్ నొక్కితేనో గానీ వెలగవు. అది చచ్చింది కాదు, నిద్రపోతోంది. నిజంగానే వెలగకపోతే ట్రైలర్ ప్లగ్గు పీకేసి చూడాలి. పీకగానే వెలిగిందంటే జబ్బు ట్రైలర్ వైరింగ్‌లో ఉంది, ఎక్కడో తీగ ఒలిచి ఇనుముకు తగులుతోంది. పీకినా వెలగకపోతే బండి బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాలి, డబ్బా దగ్గర కాదు. శివనసముద్రం నుంచి మొదలుపెట్టినట్టు.

సాధారణంగా కంట్రోలర్‌కు నాలుగు తీగలు. నలుపు బ్యాటరీ నుంచి కరెంటు తెస్తుంది, తెలుపు ఎర్త్, ఎరుపు బ్రేకు పెడల్ కబురు, నీలం ట్రైలర్ బ్రేకులకు పోయేది. డబ్బా అసలే వెలగకపోతే ముందు నలుపు, తెలుపు చూడాలి. నలుపు తీగ దారిలో బ్యాటరీ దగ్గర 20 లేదా 30 ఆంపియర్ల బ్రేకరో, ఫ్యూజో ఉంటుంది. కొన్ని బండ్లలో ట్రైలర్ ఫ్యూజ్ చోటు ఖాళీగానే ఉంటుంది, కొన్నవాళ్ళే పెట్టుకోవాలి. మీటర్ 12 వోల్టులు చూపించిందని మురిసిపోకూడదు. తుప్పు పట్టిన కనెక్షన్ కూడా మీటర్‌కు 12 చూపిస్తుంది, బరువు పెడితే కూలిపోతుంది. బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపు పెడితే నిజం తెలుస్తుంది. ఖాళీ కేజీని ఒకసారి దింపి చూడటం లాంటిదే ఇది. తెలుపు తీగను రంగు వేసిన రేకుకో, ప్లాస్టిక్ పక్కనున్న స్క్రూకో బిగిస్తే అది ఎర్త్ కాదు. ఇవన్నీ బాగుంటే డబ్బాను విప్పి, నలుపు, తెలుపు నేరుగా బ్యాటరీకి ఫ్యూజ్ మీదుగా తగిలించి చూడాలి. అప్పుడూ వెలగకపోతేనే డబ్బా పోయినట్టు. ఆ పిల్లాడి బండిలో తేలింది ఎర్త్. పాత ఓనరు బిగించిన స్క్రూ కింద రంగు పొర. గీకి బిగిస్తే వెలిగింది. ట్రైలర్ మీది చిన్న బ్యాటరీ మాత్రం పూర్తిగా చచ్చి ఉంది, అది మార్చాకే బయల్దేరమన్నాం. శనివారం ప్రయాణం ఆదివారమైంది.

మళ్ళీ మన ఊరికి. 1956లో గనులు మైసూరు సర్కారు చేతికి వచ్చాయి, 1962లో కేంద్రం చేతికి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. దాదాపు 120 ఏళ్ళలో 800 టన్నుల బంగారం పైకి వచ్చిందంటారు. వైండర్లు ఆగాయి, దిమ్మెలు దిగాయి, బూట్లు డ్రమ్ములను పట్టుకున్నాయి. కరెంటు లేనప్పుడు అవి చేయవలసిన పని అవి చేశాయి.

పంపులకు అలాంటి దిమ్మె లేదు. నీళ్ళు తోడే యంత్రానికి కరెంటు పోతే తనంత తాను జరిగే మంచి ఏదీ ఉండదు. పంపులు ఆగాక లోపలి ఊటలు ఊరుతూ పోయాయి. మన తాతలు, నాన్నలు దిగిన లెవెళ్ళు, లోపలి వైండర్లు నిలబెట్టిన గదులు, న్యూట్రినోలు పట్టిన చోటు, అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. గనులు మళ్ళీ తెరుస్తారని ఎన్నికలకోసారి వింటుంటాం. తెరవాలన్నవాళ్ళు ముందు ఆ నీళ్ళ లెక్క చెప్పాలని మా మాట. సైనైడ్ గుట్టల్లో ఇంకా బంగారం ఎంతుందో లెక్కలు కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. షాఫ్టులో నీరు ఎక్కడిదాకా వచ్చిందో అడిగేవాళ్ళు తక్కువ.

పైన మిగిలిన హెడ్‌గేర్లు, డ్రమ్ములు తుప్పు పడుతున్నాయి. వాటి ఫోటోలు తీసేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆ బ్రేకును ఎలా సెట్ చేసేవారో చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. మన ఇళ్ళలో అటక మీద, ట్రంకు పెట్టెల్లో వైండింగ్ డ్రైవర్ సర్టిఫికెట్లు, ఫిట్టర్ల నోటు పుస్తకాలు, గంటల కోడ్ అట్టలు ఉండే అవకాశం ఉంది. ఉంటే ఫోటో తీసి సంఘానికి పంపండి, అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఫోన్ రికార్డింగ్ పెట్టి మూడు సంగతులు అడగండి: మీ షాఫ్టు ఏది, పొద్దున బ్రేకు ఎలా పరీక్షించేవారు, కరెంటు పోయిన రోజు కేజీలో ఉన్నవాళ్ళను ఎలా పైకి తెచ్చారు. తెలుగైనా, తమిళమైనా, కలగలుపైనా ఫరవాలేదు. వచ్చే వారం బేతమంగళం చెరువు నీళ్ళు మన కొళాయిల దాకా ఎలా వచ్చాయో రాస్తాం.